చదవడంలో వెనుకబడిన పిల్లలు: ఆర్మూర్ ప్రాంతం

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ రెండో తరగతికో మూడో తరగతికో వచ్చినా తెలుగు వాక్యాన్ని సొంతంగా చదవలేని పిల్లలున్నారు. వాళ్ల ఇబ్బంది ఏమిటి, ఎందుకు వస్తుంది, ఇంట్లోనూ బడిలోనూ ఏం చేయవచ్చు అన్నది ఈ వ్యాసం విషయం. ముఖ్యంగా ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల గురించే ఇక్కడ చెప్పుకుంటున్నాం. వీళ్లలో చాలామందికి అక్షరాలు వచ్చు. వర్ణమాల గడగడా అప్పజెప్తారు, గుణింతం పాటలా పాడతారు, బోర్డు మీది పాఠాన్ని నోటు పుస్తకంలోకి గుండ్రంగా దించుకుంటారు. అంతకుముందు చూడని నాలుగు మాటల వాక్యం ముందు పెడితే మాత్రం నోరు మెదపరు. ఊళ్లో దీన్ని ‘చదువు రాదు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ ఇలాంటి పిల్లాడు సాధారణంగా ఒక ఫలానా చోట ఆగిపోయి ఉంటాడు. తెలుగు లిపిలో పిల్లలు ఎక్కడెక్కడ ఆగుతారో ముందే తెలుసు కాబట్టి ఆ చోటు కనిపెట్టడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఊరు, ఇల్లు, పనుల కాలం

ఆర్మూర్ 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోట, సిద్ధులగుట్ట రాళ్ల పక్కన పెరిగిన వ్యాపార పట్టణం. చుట్టూ పసుపు, ఎర్రజొన్న పండుతాయి. పక్కనున్న అంకాపూర్ విత్తనాల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. పసుపు ధర ఇక్కడి రాజకీయాన్నే కదిలిస్తుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీపడితే అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

పసుపు పనులకూ పిల్లల చదువుకూ సంబంధం ఉంది. జూన్‌లో నాటిన పసుపును జనవరి నుంచి మార్చి దాకా తవ్వుతారు. కొమ్ములు, మండలు వేరుచేసి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతారు. బడి కూడా జూన్‌లోనే తెరుస్తారు. తొలి తరగతుల్లో గుణింతాలు ఒక కొలిక్కి వచ్చి ఒత్తులు మొదలయ్యే రోజులూ, ఇంటిల్లిపాదీ చేనులోనో కళ్లంలోనో ఉండే రోజులూ దాదాపు ఒకటే. ఆ రోజుల్లో రెండు మూడు వారాలు బడికి రాని పిల్లాడు తిరిగొచ్చేసరికి తరగతి ఒత్తులు దాటిపోయి ఉంటుంది. పోయిన పాఠాన్ని ఎవరూ వెనక్కి తెచ్చి చెప్పరు, వాడూ అడగడు.

ఈ ప్రాంతపు ఇళ్లలో ఇంకో రెండు సంగతులున్నాయి. చాలా ఇళ్లలో తల్లులు బీడీలు చుడతారు. తండ్రులు, మేనమామలు గల్ఫ్ దేశాల్లో ఉంటారు. కాబట్టి పిల్లాడి పక్కన కూర్చునేది ఎక్కువగా తల్లి, లేదా నానమ్మ. వాళ్లలో చాలామందికి చదువు లేదు. అలాగని వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదనుకుంటే పొరపాటు. అక్షరాభ్యాసానికి బాసర సరస్వతి గుడికి వెళ్లి, పలక మీద మొదటి అక్షరం దిద్దించుకుని వచ్చే కుటుంబాలే ఇవి. కోరికకు లోటు లేదు, రోజూ ఏం చేయాలో చెప్పేవాళ్లే లేరు.

లిపి ఎక్కడ అడ్డుపడుతుంది

తెలుగులో అక్షరం పేరు, దాని ధ్వని ఒకటే, రాసింది రాసినట్టే చదువుతాం, కాబట్టి నేర్చుకోవడం సులువని చాలామంది నమ్మకం. అందులో సగం నిజం ఉంది. ఇంగ్లిష్ పిల్లాడిలా ఒకే అక్షరాన్ని ఒక్కో మాటలో ఒక్కో రకంగా పలకాల్సిన బాధ మన పిల్లాడికి లేదు. కానీ ఇంగ్లిష్ పిల్లాడు గుర్తుపెట్టుకోవాల్సినవి 26 అక్షరాలు, వాటి పెద్ద రూపాలు. తెలుగులో 35 హల్లులకు 12 గుణింతాల చొప్పున వేస్తేనే 420 ఆకారాలవుతాయి. ఒత్తులు, ఒత్తుల మీద గుణింతాలు ఆ లెక్కలో లేవు. తెలుగుకు సోదర లిపి అయిన కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అక్షరాలు నేర్చుకునే పని ఒకటో తరగతితో ముగియదనీ, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందనీ అందులో తేలింది. ‘ఒకటో తరగతిలోనే అక్షరాలు అయిపోయాయి’ అనే మన బడుల లెక్కకు అది నేరుగా ఎదురు. అక్షరాల పాఠం ముగిసిందనుకున్న రెండో తరగతిలోనే చాలామంది పిల్లలు జారిపోతారు.

జారే చోట్లు ఇవీ. మొదట, పోలికలున్న అక్షరాలు: ద, ధ, థ మధ్య తేడా ఒక చుక్క, ఒక చిన్న గీత. ప, ఫ, బ, భ, న, స కూడా అలాంటివే. వకు కొమ్ము పెడితే దాదాపు మ లాగే ఉంటుంది. పెద్దవాళ్ల కంటికి ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆరేళ్ల కంటికి కనిపించదు. తర్వాత గుణింతం. ‘క, కా, కి, కీ’ అని వరుసగా పాడగలిగిన పిల్లాడికి ‘కె’ ఒక్కటి విడిగా చూపిస్తే తెలియదు. వాడు మనసులో మొదటి నుంచి పాట ఎత్తుకుని, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అక్కడికి చేరతాడు. ఒక్కో అక్షరానికీ ఇలా పాట పాడుకునేవాడు మాట చివరికొచ్చేసరికి దాని మొదలు మరిచిపోతాడు.

అన్నిటికన్నా గడ్డు మలుపు ఒత్తులది. గ, ట, డ, ప వంటి వాటి ఒత్తులు తల్లి అక్షరాన్ని పోలే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం తల్లి పోలికే ఉండదు. వాటిని కొత్త అక్షరాలుగానే నేర్పాలి. దీనికితోడు రాసే వరుస ఒకటి, పలికే వరుస ఒకటి. బస్సు బోర్డు మీది ‘ఆర్మూర్’నే చూడండి. మధ్యలోని ‘ర్మూ’లో కొమ్ముదీర్ఘం ర మీద ఉంటుంది, మ కిందికి వెళుతుంది. పలికేటప్పుడేమో ర్ ముందు వచ్చి, దీర్ఘం మ తర్వాత పలుకుతుంది. చివరి ర్ పొల్లు. కంటికి కనిపించిన వరుసలోనే చదివే పిల్లాడు దాన్ని ‘ఆరూమర’ అంటాడు. రోజూ ఆ ఊళ్లో తిరిగేవాడు ఊరి పేరు అలా చదివాడని నవ్వుతారు గానీ వాడు చేసింది తిక్క పని కాదు. రాసిన క్రమాన్ని నమ్మాడు, అంతే. ఒత్తున్న చోట గుణింతపు ధ్వనిని ఒత్తు దాకా జరిపి పలకాలని వాడికి ఎవరూ విడిగా చెప్పలేదు. చెప్పి, ఓ పదిహేను ఇరవై మాటల్లో చేయిస్తే చాలామందికి పట్టుబడుతుంది.

మాట పొడవు మరో ఇబ్బంది. ‘చదువుకుంటున్నాడు’ అన్నది తెలుగులో ఒక మాట, ఏడు అక్షరాలు. అదే భావానికి ఇంగ్లిష్‌లో మూడు చిన్న మాటలు వస్తాయి. అందుకే నిమిషానికి ఇన్ని మాటలు చదవాలన్న కొలతను భాష మారినా అలాగే వాడటం సరికాదు. కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి పిల్లలు కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని చెప్పింది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన మౌలిక అభ్యసన అధ్యయనం 20 భాషలకు వేర్వేరు ప్రమాణాలు కట్టింది. ఆ పని ముందే జరిగి ఉండాల్సింది.

ఇంటి మాట, పుస్తకం మాట

పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉన్నచోట ఆర్మూర్ పిల్లాడు ‘వచ్చిండు’ అని చదివితే కొందరు టీచర్లు తప్పు కింద లెక్కేస్తారు. పఠనాన్ని గమనించేవాళ్ల దృష్టిలో అది శుభసూచన. వాడు అక్షరాలు చూశాడు, అర్థం తెలుసుకున్నాడు, తన ఇంటి మాటలో చెప్పాడు. అర్థంకాని పిల్లాడైతే ‘వచా...డు’ అని సాగదీసి ఊరుకుంటాడు. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చేసిన ఒక ప్రతిపాదనను ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. దాని ప్రకారం చదవడం అంటే అక్షరాల నుంచి మాట పట్టుకోగలగడం, ఆ భాష విని అర్థం చేసుకోగలగడం అనే రెండింటి లబ్ధం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. సాయం చేసే ముందు ఈ రెండింట్లో ఏది తక్కువగా ఉందో తేల్చుకోవాలి. కథ చదివి వినిపిస్తే చక్కగా అర్థం చేసుకుని, తనకు తాను చదవలేని పిల్లాడికి లిపి సాధన కావాలి. తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్లకో, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకో లిపితో పాటు తెలుగు మాటల నిల్వ కూడా కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, వాటిలో లంబాడీల బంజారా ఒకటి, ఇంటి భాషతో చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. అది అన్ని తండాలకూ చేరలేదు.

ఎక్కడ ఆగాడో కనిపెట్టడం

ప్రథమ్ సంస్థ 1995లో ముంబయిలో పుట్టింది. దాని ఆధ్వర్యంలో 2005 నుంచి సాగుతున్న అసర్ సర్వే పిల్లల పఠనాన్ని కొలవడానికి వాడే పరీక్ష చాలా చిన్నది: కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కో పిల్లతో విడిగా కూర్చుని చదివిస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. తెలుగు పిల్లాడి విషయంలో ఆ ‘మాటలు’ అనే మెట్టును ఇంకా సన్నగా కోసుకోవాలి. గుణింతం లేని మాటలు మొదట: వల, పలక, గడప. తర్వాత దీర్ఘం, గుడి, కొమ్ము ఉన్నవి: పాలు, చిలుక, మామిడి, పసుపు. ఆపైన ఎత్వం నుంచి ఓత్వం దాకా, సున్నతో కలిపి: మేక, గొడుగు, కోతి, గంప. ఆ తర్వాత అదే అక్షరానికి అదే ఒత్తు: అమ్మ, పిల్లి, గుట్ట, ఎర్రజొన్న. చివరగా వేరే అక్షరపు ఒత్తు: పుస్తకం, చంద్రుడు, ఆర్మూర్.

మధ్య మధ్యలో లమిక, గోపుట లాంటి అర్థంలేని మాటలు రెండు మూడు కలపాలి. పుస్తకంలోని మాటలన్నీ బొమ్మను బట్టీ తరగతిలో విన్నదాన్ని బట్టీ కంఠస్థం చేసిన పిల్లలు ఇక్కడ బయటపడతారు. పిల్లాడు ఎక్కడ మూడు మాటల్లో రెండు తప్పాడో అదే వాడి చోటు. ఆ చోటు నుంచే మొదలుపెట్టాలి. మళ్లీ అ, ఆల నుంచి ఎత్తుకోవడం ఇంట్లో పెద్దలు, ట్యూషన్ చెప్పేవాళ్లు సాధారణంగా చేసే పని. పిల్లాడికి అది అవమానం, కాలం కూడా దండగ.

ఇంట్లో రోజుకు పదిహేను నిమిషాలు

తల్లికి చదువు రాకపోయినా సాయం చేయగలదు. సాయంత్రం గుమ్మం దగ్గర బీడీల చేట ఒళ్లో పెట్టుకుని తల్లి కూర్చుంటుంది. కత్తిరించిన తునికాకులో తంబాకు వేసి చుట్టి, దారం కడుతుంటుంది. చేతులకు ఖాళీ ఉండదు గానీ చెవులకు ఉంటుంది. పిల్ల పక్కన కూర్చుని పుస్తకంలోని అయిదారు వాక్యాల మీద వేలుపెట్టి చదువుతుంది. వేలు ముందుకు కదులుతోందా, ఒకేచోట ఆగిందా అన్నది అక్షరం రాని తల్లికీ కనిపిస్తుంది. ఆగినప్పుడు తల్లి అనాల్సింది ‘ఇంత గూడ రాదా?’ అని కాదు. ‘ఆగు బిడ్డా, మళ్ల మొదటికెల్లి సదువు’ అంటే చాలు. చదవడం అయ్యాక ‘గాయన ఎందుకు పోయిండు? తర్వాత ఏమైంది?’ అని అడగాలి. పిల్ల కథ చెప్పగలిగితే చదివినట్టే. చెప్పలేకపోతే అదే పేజీ రేపు మళ్లీ. ఒకే పేజీని మూడు నాలుగు రోజులు చదివించడం వల్ల నష్టం లేదు. చదివే వేగం పెరగడానికి ఇదొక మంచి దారి అని 1979 నుంచి పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. పిల్లలకూ అది ఇష్టమే, తాము బాగా చదువుతున్నట్టు వాళ్లకే వినిపిస్తుంది కాబట్టి.

అన్నో అక్కో చదవగలిగిన ఇంట్లో జంటగా చదవడం బాగా పనిచేస్తుంది. ఇద్దరూ ఒకే పుస్తకం మీదికి వంగి, ఒకేసారి పైకి చదువుతారు. అక్క అర క్షణం ముందుంటుంది, చెల్లి ఆ గొంతును పట్టుకుని వస్తుంది. తేలికైన వాక్యం వచ్చినప్పుడు అక్క గొంతు తగ్గిస్తుంది. చెల్లి ఎక్కడైనా ఆగితే నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు చూసి, మాట అందించి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదివిస్తుంది. ఆగిన ప్రతిచోటా ‘పకు కొమ్మిస్తే ఏమయితది?’ అని పరీక్ష పెడితే కథ చచ్చిపోతుంది. గుణింతాల సాధన వేరే వేళకు పెట్టుకోవాలి. తండ్రి గల్ఫ్‌లో ఉంటే సెలవు రోజున వీడియో కాల్‌లో ఆ వారం చదివిన పేజీ వినిపించవచ్చు. ఎదురుగా వినేవాడు ఉన్నాడన్న ధ్యాస పిల్లల చేత రెండుసార్లు ఎక్కువ చదివిస్తుంది.

గుణింతాల సాధనకు పుస్తకమే అక్కర్లేదు. పసుపు అనే మాటకు మూడు చప్పట్లు: ప, సు, పు. మొదటి చప్పట తీసేస్తే ఏం మిగులుతుంది? పసుపులో సు బదులు లు పెడితే? ఇలాంటి ఆటలు చెవిని పదును చేస్తాయి. అక్షరాన్ని ముక్కలుగా వినగలిగితే గుణింతపు గుర్తు ఎందుకుందో తెలుస్తుంది. అట్ట ముక్కల మీద హల్లులు, పారదర్శకమైన కవరు ముక్కల మీద గుళ్లు, కొమ్ములు, సుళ్లు రాసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపే పద్ధతి గుణింతం పాట చేయలేని పని చేస్తుంది. వరుస చెదిరిపోయి ఒక్కో గుర్తూ విడిగా కంటికి ఆనుతుంది. నానమ్మ దగ్గర ఇంకో సరంజామా ఉంది: బతుకమ్మ పాటలు. ప్రతి పాదం చివర ఒకే మాట తిరిగి వచ్చే ఆ పాటల్లో పిల్లకు కంఠతా వచ్చినదాన్ని పెద్ద అక్షరాల్లో రాసి వేలుపెట్టి పాడిస్తే, నోటికి తెలిసిన మాటలు కంటికీ తెలుస్తాయి. వేలు పాటకన్నా ముందుకో వెనక్కో పోతే పిల్లే సరిచేసుకుంటుంది.

బడి, సర్కారు, లెక్కలు

కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడ్డ ప్రాథమిక బడులు తెలంగాణలో 2021 సెప్టెంబరు దాకా తెరుచుకోలేదు. 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలకు పలక పట్టాల్సిన ఏడాది దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ పాఠాలతో గడిచింది. ఆ తర్వాత వచ్చిన 2022 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ తెలంగాణలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అదే కాలంలో 22.6 నుంచి 10.3కు పడింది. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు తగ్గి, 2024కు 27.1కి తిరిగి లేచింది. ఒక భాషను ఇంకో భాషతో పోల్చేటప్పుడు లిపి బరువును మరిచిపోకూడదు. అయినా తెలుగును తెలుగుతోనే పోల్చినప్పుడు కనిపించే ఈ పతనానికి లిపిని తప్పుపట్టలేం.

తెలంగాణ ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 5న చదవడం మీద వంద రోజుల ప్రచారం చేపట్టింది. అదే ఏడాది ఆగస్టు 15న ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చింది. పాఠ్యపుస్తకం ముగించే హడావుడి కన్నా కనీస సామర్థ్యాలు ముఖ్యమని చెప్పడం దాని గొప్పతనం. ఏడాదిలో కొన్నిసార్లు ప్రతి పిల్లనూ పరీక్షించి స్థాయి నమోదు చేస్తారు. 2025లో కొన్ని ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధ సాయంతో పిల్లలు కంప్యూటర్ ముందు తమ స్థాయిలో సాధన చేసే పద్ధతినీ మొదలుపెట్టారు.

పరీక్ష పెట్టి స్థాయి రాసుకోవడమే చికిత్స అయిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన ఒక ప్రయోగంలో టీచర్లకు ప్రతి పిల్ల బలాబలాల నివేదిక చేతికిచ్చారు, తరగతులను అప్పుడప్పుడూ గమనించారు. ఏడాది చివర ఆ బడుల పిల్లలకూ మిగతా బడుల పిల్లలకూ మార్కుల్లో తేడా రాలేదు. 2010లో అచ్చైన ఈ ఫలితాన్ని స్థాయి పట్టికలు నింపే ప్రతి బడీ గోడకు అతికించుకోవచ్చు. దీనికి ఎదురుగా ముంబయి, వడోదరల్లో సాగిన ‘బాలసఖి’ కార్యక్రమం ఉంది. స్థానిక యువతులు వెనుకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లలను రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకుని వాళ్ల స్థాయి నుంచే చెప్పారు. పిల్లలు, అందులోనూ అడుగున ఉన్నవాళ్లు, స్పష్టంగా ముందుకు కదిలారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు 2007లో దీని ఫలితాలు ప్రకటించారు. తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి గుంపులు కట్టే పద్ధతి ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. తమిళనాడులో 2021లో మొదలైన ‘ఇల్లం తేడి కల్వి’లో సుమారు రెండు లక్షల మంది వాలంటీర్లు సాయంత్రాలు ఇరుగుపొరుగు పిల్లలకు చెప్పారు. ఆర్మూర్ వాడల్లో ఇంటర్ పూర్తిచేసి ఇంటి దగ్గర ఉన్న ఆడపిల్లలు తక్కువేమీ లేరు. వాళ్ల చేతికి పైన చెప్పిన మాటల మెట్లు, ఒక గంట సమయం, చిన్న గౌరవవేతనం ఇచ్చే ఏర్పాటు ఇక్కడ కూడా సాధ్యమే.

ప్రైవేటు బడి, ఇంగ్లిష్ మీడియం

చదవలేని పిల్లాడికి ఆర్మూర్ తల్లిదండ్రులు మొదట ఆలోచించే మందు బడి మార్చడం. పసుపు అమ్మిన డబ్బుతోనో గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బుతోనో ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తారు. దీని మీద తెలుగు నేలలోనే పెద్ద ప్రయోగం జరిగింది. 2008లో మొదలై ఉమ్మడి రాష్ట్రంలోని 180 గ్రామాల్లో సాగిన ఆ ప్రయోగంలో లాటరీ ద్వారా కొందరు సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ సర్కారు బడిలో ఉండిపోయినవాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు, సర్కారు బడిలో ఆ తరగతుల్లో హిందీ దాదాపు లేదు కాబట్టి. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం కేటాయించి అదే ఫలితం సాధించాయన్నది వాటి గొప్పే. వెనుకబడిన పిల్లాడికి మాత్రం దాంతో ఒరిగేది తక్కువ.

2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు అచ్చువేస్తున్నారు. రెండు లిపులు ఒకేసారి మోయలేని పిల్లాడికి ఆ తెలుగు పేజీ పెద్ద ఆసరా. ముందు అది చదివించి, విషయం తెలిశాక ఇంగ్లిష్ పేజీకి వెళ్లడం మేలు. ఒక లిపిలో చదవడం పట్టుబడ్డవాడికి రెండోది తొందరగా వస్తుంది. రెండింట్లోనూ తడబడేవాడు రెండింటికీ దూరమవుతాడు.

కన్ను, చెవి, డిస్లెక్సియా

లిపి మీద పని మొదలుపెట్టే ముందు కళ్లు, చెవులు చూపించాలి. వెనక బెంచీలో కూర్చుని బోర్డు కనపడని పిల్ల చదవలేని పిల్లగానే లెక్కలోకి వస్తుంది. చెవి కారే పిల్లకు థ, ధల తేడా వినిపించకపోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు ఏడాదికోసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వస్తాయి. ఆ రోజు పిల్ల బడిలో ఉండేలా చూసుకోవడం తల్లిదండ్రుల వంతు.

మంచి సాధన కొన్ని నెలలు రోజూ జరిగాక కూడా పిల్ల కదలకపోతే, మాటల్లో చురుగ్గా ఉంటూ అక్షరాల దగ్గరే పదేపదే తడబడుతుంటే, ఇంట్లో ఇంకెవరికైనా అలాంటి ఇబ్బంది ఉంటే డిస్లెక్సియా అనుమానించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. ఎనిమిదేళ్లు నిండాక ధ్రువపత్రానికి పరీక్ష చేస్తారు. 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ చూస్తారు. మండలాల్లోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాల పిల్లలకు మొదటి గడప. పెద్ద పరీక్షలకు సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ ఉంది. ఎనిమిదేళ్లు నిండే దాకా ఊరికే ఆగమని మాత్రం ఆ నిబంధన చెప్పడం లేదు. డిస్లెక్సియా ఉన్న పిల్లకు చేసే సాధన కూడా ఇంతే, కాకపోతే ఇంకా నెమ్మదిగా, ఇంకా ఎక్కువసార్లు.

ఏం చదివించాలి

ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. కొత్తగా పట్టుబడిన చదువు వాడకం లేక జారిపోయేది అప్పుడే. పాఠ్యపుస్తకం ఆ వేళ ఎవరూ ముట్టరు. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. మొదటి స్థాయి పుస్తకంలో పేజీకి ఒకటి రెండు వాక్యాలుండాలి, పుస్తకం మొత్తం మీద పిల్ల ఆగే మాటలు అయిదారుకు మించకూడదు.

నాలుగో తరగతికొచ్చినా ఒత్తులు చదవలేని పిల్లాడి సంగతి వేరు. కోడిపిల్ల కథల పుస్తకం ఇస్తే తమ్ముడి ముందు చిన్నతనంగా ఉంటుంది, ముట్టుకోడు. వాడికి సినిమా పోస్టరు, క్రికెట్ వార్త శీర్షిక, ఎరువుల సంచి మీది అక్షరాలు, పసుపు ధరల పట్టిక పనికొస్తాయి. నిజామాబాద్ మార్కెట్ ధరలు పేపర్లో రోజూ వస్తాయి: కొమ్ము ఎంత, మండ ఎంత అని. చదివి తాతకు చెప్పే బాధ్యత అప్పగిస్తే ‘క్వింటాల్’ అనే మాటలోని క్విం దగ్గర వాడు తప్పకుండా ఆగుతాడు. గుడి క మీద, ఒత్తు కింద, సున్న పక్కన. అది విడదీసి పలకడం వచ్చిన పిల్లాడికి తెలుగులో ఇక చదవలేని అక్షరాలు చాలా కొద్ది.